29 స్క్వాడ్రన్లు, ఒకటే ఖజానా: కొత్త ఫైటర్లు ముందా, ఉన్నవాటికి ఇంజన్లు, మిసైళ్లు ముందా?

తూర్పుగాలి
మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరిసారి ఎగిరి రిటైరయ్యాయి. ఎయిర్‌ఫోర్స్‌కి మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42, ఇప్పుడు చేతిలో ఉన్నవి 29. అప్పట్నుంచి ఎక్కడ చూసినా ఒకటే చర్చ: 114 విదేశీ ఫైటర్లు ఎప్పుడు కొంటారు, ఎవరి దగ్గర కొంటారు. ఆ 42 చుట్టూనే తిరుగుతూ మిగతా ఖర్చులన్నీ మూలన పడేస్తున్నామని నా బాధ.

అందుకే సూటిగా అడుగుతున్నా. 60,000 కోట్లు అదనంగా వచ్చాయనుకోండి, ఆరేడేళ్లలో ఖర్చుపెట్టాలి. ఈ అంకె ఊరికే తీసుకోలేదు. 2016లో 36 రఫేల్‌లకి అయింది సుమారు 59,000 కోట్లు. 2025 ఏప్రిల్‌లో నేవీ 26 రఫేల్-ఎంలకి సంతకం పెట్టింది దాదాపు 63,000 కోట్లకి. అదే ఏడాది సెప్టెంబర్‌లో 97 తేజస్ మార్క్-1ఏలకి వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌తో ఒప్పందం 62,370 కోట్లు. కాస్త అటూ ఇటూగా అదే సొమ్ముకి 36 వచ్చాయి, 26 వచ్చాయి, 97 వచ్చాయి. మీరైతే ఏం కొంటారు? అన్నీ కావాలనే జవాబు వద్దు. ఒకటి ఎంచుకుంటే దేన్ని వదులుకుంటున్నారో కూడా రాయండి.

లెక్కలమాస్టారు
ముందు ఆ మూడు అంకెల్ని ఒకే తూకంలో పెట్టకండి. 2016 రఫేల్ ధరలో విమానాలతోపాటు మీటియర్, స్కాల్ప్ లాంటి ఆయుధాలు, మన కోసం చేసిన మార్పులు, స్పేర్లు, ఐదేళ్లపాటు 75 శాతం విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉంచుతామన్న హామీ అన్నీ కలిసి ఉన్నాయి. తేజస్ 62,370లో పన్నులు లేవు. విడి విమానం ధర, ఆయుధాలతో ధర, ముప్పై ఏళ్లు నడిపే ఖర్చు, ఈ మూడూ వేరు వేరు. వార్తల్లో మాత్రం మూడింటికీ ఒకటే పేరు, "డీల్ విలువ".

కంటోన్మెంట్_గేట్
అన్నా, గా 42 లెక్క యాడికెల్లి వచ్చిందో జర చెప్పుండ్రి. అందరు అదే అంటున్రు, ఎందుకో ఎవరు చెప్తలేరు.

రెండువైపులా
పాకిస్తాన్, చైనా రెండు వైపుల నుంచీ ఒకేసారి వస్తే ఎదుర్కోవడానికి వేసిన అంచనా అది. స్క్వాడ్రన్ అంటే మామూలుగా 16 ఫైటర్లు, 2 ట్రైనర్లు. కొనేటప్పుడు ఇంకొన్ని ఎక్కువ కొంటారు. ఎందుకంటే కొన్ని ఎప్పుడూ ఓవర్‌హాల్‌లో (పూర్తిగా విప్పి బాగుచేయడంలో) ఉంటాయి, కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ ప్రమాదాల్లో పోతాయి.

నట్టుబోల్టు
నా 60,000లో మొదటి ముక్క సుఖోయ్-30లకే. కారణం లెక్కలోనే ఉంది.

మన దగ్గర సుమారు 260 సుఖోయ్‌లు. 2015లో అప్పటి రక్షణ మంత్రి పరీకర్ చెప్పిన ప్రకారం వాటిలో ఏ రోజైనా సిద్ధంగా ఉండేవి 56 శాతం. అంటే 146. అదే 75 శాతానికి తెస్తే 195. తేడా 49 విమానాలు, మూడు స్క్వాడ్రన్ల పెట్టు. కొత్తగా ఒక్క పైలట్‌ని తీసుకోకుండా, ఒక్క హ్యాంగర్ కట్టకుండా, కొత్త రకం ఆయుధం కలపకుండా.

అవి ఎందుకు నేల మీద ఉండిపోతాయంటారా? విమానం పాడైపోయి కాదు. చిన్న పంపో, జనరేటరో, డిస్‌ప్లేనో రిపేరుకి పోతుంది, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఆ లోపు పక్క విమానం నుంచి అదే భాగం పీకి దీనికి పెడతారు. అప్పుడు ఒక పనికి రెండుసార్లు విప్పడం, రెండుసార్లు బిగించడం, రెండుసార్లు టెస్ట్. విప్పినప్పుడల్లా కనెక్టర్ల పిన్నులు అరుగుతాయి, సీళ్లు మార్చాలి, ఆ భాగం ఎన్ని గంటలు నడిచిందో రాసే లాగ్ కార్డు ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారాలి. ఆ కార్డులో ఒక్క ఎంట్రీ తప్పితే భాగం బాగానే ఉన్నా బిగించడానికి వీల్లేదు. భాగాలు పీకిన విమానం మూడు నెలలు దాటి నిలబడితే దాన్ని మళ్లీ ఎగిరించడం ఒక చిన్న ఓవర్‌హాల్ అంత పని.

ఇంజన్ల సంగతి మెరుగే. 2024 సెప్టెంబర్‌లో 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకి హెచ్‌ఏఎల్‌తో 26,000 కోట్ల పైన ఒప్పందం అయింది. కోరాపుట్‌లో తయారీ, ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లు.

లెక్కలమాస్టారు
ఆ 30 సరిపోతుందా? 260 విమానాలు, ఒక్కోదానికి రెండు, మొత్తం 520 ఇంజన్లు. ఈ ఇంజన్‌కి 1,000 గంటలకి ఓవర్‌హాల్, 2,000 గంటల దగ్గర ఆయుష్షు చెల్లు. విమానం ఏడాదికి 150 గంటలు ఎగిరితే మొత్తం 78,000 ఇంజన్ గంటలు, అంటే ఏడాదికి 39 కొత్తవి కావాలి. 30 మాత్రమే వస్తే ఒక్కో విమానానికి ఏడాదికి 115 గంటలే గిట్టుబాటు. నట్టుబోల్టు గారు అడిగినట్టు 75 శాతం సిద్ధంగా ఉంచి, బాగా ఎగిరిస్తే ఇంజన్లు ఇంకా త్వరగా అయిపోతాయి.

నట్టుబోల్టు
@లెక్కలమాస్టారు ఒప్పుకుంటా. పాత స్టాకులో మిగిలిన గంటలు కొంతకాలం ఆ తేడాని మోస్తాయి, కానీ ఎనిమిదేళ్లూ మోయవు. అందుకే నేను కొత్త ఇంజన్ల కన్నా ఓవర్‌హాల్ లైను సామర్థ్యం మీద డబ్బు పెట్టమంటాను. మీ లెక్క ప్రకారమే ఏడాదికి 78 ఇంజన్లు 1,000 గంటల గీత దగ్గరకి వస్తాయి. అందులో సగం ఆయుష్షు తీరి పక్కకి పోతాయి, మిగతా 39 విప్పి, తనిఖీ చేసి, బ్లేడ్లు మార్చి, టెస్ట్ బెడ్ (ఇంజన్‌ని విడిగా బిగించి పరీక్షించే చోటు) మీద నడిపి తిరిగి ఇవ్వాలి. టెస్ట్ బెడ్ ఖాళీ లేక ఇంజన్ నెల రోజులు క్యూలో ఉంటే, మీ దగ్గర కొత్త ఇంజన్ ఉన్నా లేనట్టే.

రెండువైపులా
సంఖ్య ముఖ్యం కాదనే మాటతో నాకు పేచీ ఉంది. ఎంత బాగా మెయింటెయిన్ చేసినా ఒక విమానం తేజ్‌పూర్‌లోనూ జోధ్‌పూర్‌లోనూ ఒకేసారి ఉండదు.

చిన్న లెక్క. ఒకచోట ఆకాశంలో 24 గంటలూ ఇద్దరు కాపలా ఉండాలి. ఒక జత గస్తీ చోట రెండు గంటలు నిలబడగలదు. రోజుకి 12 జతలు, అంటే 24 సార్టీలు (ఒక విమానం ఒకసారి ఎగిరి రావడం ఒక సార్టీ). ఒక్కో విమానం రోజుకి రెండు సార్టీలు చేస్తే సిద్ధంగా ఉన్నవి 12 కావాలి. సిద్ధంగా ఉండే శాతం 60 అయితే మొత్తం 20. ఒక్క చోట కాపలాకే ఒక స్క్వాడ్రన్ దాటిపోయింది. దాడికి వెళ్లేవి, వాటికి ఎస్కార్టులు, నేల మీద అలర్ట్‌లో ఉండేవి ఇంకా లెక్కలోకే రాలేదు. ఇలాంటి చోట్లు రెండు సరిహద్దుల్లో ఎన్ని ఉంటాయో మీరే చూసుకోండి.

నేనైతే 60,000 మొత్తం తేజస్‌లకే పెడతా. వదులుకునేది: బరువైన బాంబులు దూరం మోసుకెళ్లే శక్తి.

గొట్టంపైప్
@రెండువైపులా మీ లెక్కలో ఒక్క అంకె మార్చి చూడండి. గాల్లో ఇంధనం నింపే ట్యాంకర్ ఉంటే ఆ జత రెండు గంటల బదులు నాలుగు గంటలు నిలబడుతుంది. 24 సార్టీలు 12 అవుతాయి. పైలట్ అలసట వల్ల రోజుకి ఒక్క సార్టీయే చేయించినా 12 విమానాలు చాలు, రెండు చేయిస్తే ఆరే. కానీ మనకున్నవి ఆరు ఐఎల్-78లు. అవీ 2000 దశకం మొదట్లో వచ్చినవి. కొత్త ట్యాంకర్ల టెండర్ ఎన్నిసార్లు పిలిచి రద్దు చేశారో! చివరికి ట్రైనింగ్ కోసం 2025లో ఒక కేసీ-135ని అద్దెకి తెచ్చుకున్నారు. ఫైటర్‌కి ఉన్న ఆకర్షణ ట్యాంకర్‌కి లేదు, అందుకే ప్రతిసారీ కోత దానికే పడుతుంది.

రెండువైపులా
ట్యాంకర్ గొప్పదే. కానీ యుద్ధంలో శత్రువు ముందు వెతికేది దాన్నే. ఆరు ట్యాంకర్లు అంటే వాటికి కాపలాగా మళ్లీ ఫైటర్లే.

గొట్టంపైప్
సరిహద్దుకి బాగా వెనక నిలబెట్టినా లాభం వస్తుంది. నిండా ఆయుధాలతో, సగం ట్యాంకుతో తేలిగ్గా పైకి లేచి, మన భూభాగం మీదే ఇంధనం నింపుకుని ముందుకి వెళ్లొచ్చు. లేహ్ లాంటి ఎత్తయిన ఎయిర్‌బేసుల్లో గాలి పలచన, పూర్తి బరువుతో టేకాఫ్ కుదరదు. అక్కడ ఇది సౌకర్యం కాదు, అవసరం.

ఖాతాపుస్తకం
అసలు తూర్పుగాలి గారి ప్రశ్నలోనే ఒక చిక్కు ఉంది. "60,000 కోట్లు వచ్చాయి" అన్నారు. ఏ పద్దులో వచ్చాయి?

రక్షణ బడ్జెట్ పార్లమెంటుకి ఒకే ముద్దగా వెళ్లదు. నాలుగు డిమాండ్లు: మంత్రిత్వ శాఖ సివిల్, రెవెన్యూ, క్యాపిటల్, పెన్షన్లు. 2025-26లో మొత్తం 6.81 లక్షల కోట్లు. అందులో క్యాపిటల్ 1.80 లక్షల కోట్లు, పెన్షన్లు 1.61 లక్షల కోట్లు, రెవెన్యూ 3.12 లక్షల కోట్లు. ఈ రెవెన్యూలో జీతభత్యాలు పోగా ఇంధనం, స్పేర్లు, మందుగుండు, రిపేర్లకి మిగిలేది సుమారు 1.14 లక్షల కోట్లు.

విమానం కొనేది క్యాపిటల్‌లో. దానికి తర్వాత కొనే స్పేర్లు, తూటాలు, గుండ్లు ఎక్కువగా రెవెన్యూలో. క్యాపిటల్‌లో మిగిలిన డబ్బుని రెవెన్యూకి మార్చే అధికారం మంత్రిత్వ శాఖకి లేదు, పార్లమెంటు అనుమతి కావాలి. "ఆధునికీకరణకి నిధులు పెరిగాయి" అనే హెడ్‌లైన్ చూసి నట్టుబోల్టు గారి పంపులూ జనరేటర్లూ వస్తాయనుకుంటే పొరపాటు. ఆ పెరిగిన డబ్బుతో ఇంకో విమానం వస్తుంది, దానికీ పంపు కావాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. పాత సంతకాల బకాయిలు. 60,000 కోట్ల ఒప్పందంలో సంతకం రోజున 15 శాతం అడ్వాన్స్ అనుకుంటే 9,000 కోట్లు. మిగతాది మైలురాళ్ల ప్రకారం ఏటా. విమానాలు రావడం మొదలయ్యే మూడో ఏడు నుంచి ఐదో ఏడు దాకా బిల్లు బాగా లావుగా ఉంటుంది. 2018లో ఆర్మీ వైస్ చీఫ్ శరత్ చంద్ పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందు చెప్పింది గుర్తుచేసుకోండి: ఆధునికీకరణకి ఇచ్చింది 21,338 కోట్లు, అప్పటికే కట్టాల్సిన పాత బిల్లులు 29,033 కోట్లు. కొత్తది కొనడం మాట అటుంచండి, పాతదాని వాయిదాకే చాల్లేదు. ఆ రోజు ఆయనే చెప్పిన ఇంకో లెక్క, ఆర్మీ పరికరాల్లో 68 శాతం పాతబడినవి, 24 శాతం ఇప్పటివి, 8 శాతమే అత్యాధునికం.

కంటోన్మెంట్_గేట్
మరి ఏటా మార్చిల పైసలు వాపస్ పోతయంటరు గదా? చాలకపోతే వాపస్ ఎట్ల పోతయి?

ఖాతాపుస్తకం
@కంటోన్మెంట్_గేట్ మంచి ప్రశ్న. రెండూ నిజమే. 2024-25లో క్యాపిటల్‌కి 1.72 లక్షల కోట్లు ఇచ్చి, సవరించిన అంచనాలో 1.595 లక్షల కోట్లకి తగ్గించారు. డబ్బు చెల్లించేది పని జరిగాకే. ఇంజన్ రాకపోతే విమానం రాదు, విమానం రాకపోతే మైలురాయి రాదు, మైలురాయి రాకపోతే బిల్లు రాదు. మార్చి 31కి ఆ సొమ్ము మురిగిపోతుంది. మరుసటి ఏడు రెండు మైలురాళ్లు ఒకేసారి వస్తాయి, అప్పుడు చాలదు. ఇందుకే 15వ ఆర్థిక సంఘం 2021-26కి 2.38 లక్షల కోట్లతో మురిగిపోని నిధి ఒకటి పెట్టమంది. అది సంఘం చెప్పిన రూపంలో అమలు కాలేదు.

అదే 2024-25లో 193 ఒప్పందాలు, 2.09 లక్షల కోట్లు, ఆ రోజుకి అదే రికార్డు. అందులో 156 ప్రచండ్ హెలికాప్టర్లే 62,700 కోట్లు. ఆ ఏడాది క్యాపిటల్ మొత్తం కన్నా సంతకాల విలువ ఎక్కువ. ఆ బిల్లులు ఇప్పుడు దారిలో ఉన్నాయి.

చిరుగాలి
పెన్షన్లు తగ్గిస్తే సరిపోతుందిగా. అగ్నిపథ్ పెట్టింది అందుకేగా.

లెక్కలమాస్టారు
@చిరుగాలి అగ్నిపథ్ వల్ల పెన్షన్ బిల్లు ఇప్పుడు తగ్గదు. 2022లో పాత పద్ధతిలో చేరాల్సిన జవాను రిటైరయ్యేది 15-17 ఏళ్ల తర్వాత. ఆదా కనిపించేది అప్పుడే, 2037 దాటాక. ఈ లోపు నాలుగేళ్లు పూర్తిచేసిన ప్రతి అగ్నివీర్‌కి సుమారు 11.71 లక్షల సేవానిధి (వెళ్లేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం) ఇవ్వాలి, అందులో సగం ప్రభుత్వం వాటా. నాలుగేళ్లకి 25 శాతమే ఉండిపోతారు కాబట్టి ట్రైనింగ్ ఖర్చు మళ్లీ మళ్లీ. ఈ దశాబ్దపు ఫైటర్లకి అక్కడి నుంచి డబ్బు రాదు.

ఫీల్డ్‌గన్
ఫైటర్ల దగ్గరే ఆగిపోయారు అందరూ. నేను నా వాటా మందుగుండుకి పెడతా.

కాగ్ 2015 రిపోర్టు చూడండి. 40 రోజుల యుద్ధానికి సరిపడా నిల్వ ఉండాలనేది నియమం, 20 రోజులది కనీస గీత. 2013 నాటికి 170 రకాల్లో సగం పది రోజులకి కూడా లేవు. 2017 రిపోర్టులో, 2016 సెప్టెంబర్ నాటికి 152 రకాల్లో 61 అదే స్థితి. ఉరి దాడి జరిగింది ఆ నెలలోనే. తర్వాత పది రోజుల తీవ్ర యుద్ధానికి కొలత పెట్టుకుని, వైస్ చీఫ్‌లకి నేరుగా కొనే అధికారాలిచ్చి ఖాళీలు నింపారు. నింపడం అయింది. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో మర్చిపోకూడదు. 2013లో 17వ కోర్, పర్వత దాడి దళం మంజూరు చేశారు, 90,000 మంది, 64,678 కోట్లు. డబ్బు అంత వేగంగా రాలేదు. కొత్త యూనిట్లకి సామాను యుద్ధ నిల్వల నుంచే తీసిచ్చారు. కొత్తది నిలబెట్టడానికి ఉన్నదాన్ని తోడేయడం అంటే ఇదే.

డబ్బు ఇవ్వగానే గుండ్లు రావు. 155 మి.మీ. గుండు అంటే ఒక వస్తువు కాదు, కనీసం నాలుగు: ఉక్కు షెల్, అందులో పేలుడు పదార్థం, ముక్కుకి ఫ్యూజ్, వెనక నుంచి తోసే ఛార్జ్ మాడ్యూల్స్. దానికి ప్రైమర్ వేరే. నాలుగులో ఏది తక్కువైతే మీ నిల్వ అంతే. లక్ష షెల్లులు, అరవై వేల ఫ్యూజులు ఉంటే మీ దగ్గర ఉన్నవి అరవై వేల గుండ్లే. ఛార్జ్ మాడ్యూల్స్ కోసం నలందాలో ఫ్యాక్టరీకి 1999లో శంకుస్థాపన చేశారు. టెక్నాలజీ ఇవ్వాల్సిన దక్షిణాఫ్రికా కంపెనీ డెనెల్‌ని 2005లో నిషేధించారు. ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి వెనకబడింది.

కార్గిల్‌లో అన్ని రకాలూ కలిపి రోజుకి 5,000 దాకా కాల్చారు. అది ఒక్క సెక్టార్ యుద్ధం.

తూర్పుగాలి
@ఫీల్డ్‌గన్ నిల్వ ఎక్కువ పెడితే మురిగిపోవడం లేదా? షెల్ఫ్ లైఫ్ ఉంటుందిగా.

ఫీల్డ్‌గన్
ఉంటుంది. ప్రొపెల్లెంట్‌లో (గుండుని తోసే మందులో) దాన్ని చెడకుండా ఉంచే స్టెబిలైజర్ తరిగిపోతుంది, వేడి డిపోల్లో ఇంకా త్వరగా. అందుకే శాంపిల్ తీసి పరీక్షించి, పాత లాటు ముందు ట్రైనింగ్‌లో కాల్చేయాలి, కొత్తది వెనక పేర్చాలి. దీనికి ట్రైనింగ్ కోటా, నిల్వ, ఫ్యాక్టరీ వేగం మూడూ పొంతన కుదరాలి. నిల్వ 40 రోజులకి పెంచి ట్రైనింగ్ కోటా కోస్తే లాటు మొత్తం గోడౌన్లోనే ముసలిదైపోతుంది. నా ఉద్దేశం నిల్వ 20 రోజులకి, ఫ్యాక్టరీ లైన్లు మూడు షిఫ్టులకి పెంచగలిగేలా. ఒక షిఫ్టు నడుపుతూ రెండు షిఫ్టుల యంత్రాలు ఖాళీగా ఉంచడానికి డబ్బు కట్టాలి. ఆ ఖాళీ చూసి ఆడిట్ అభ్యంతరం పెడుతుంది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు అమెరికా నెలకి 14,000 చిల్లర 155 మి.మీ. గుండ్లు చేసేది. లక్షకి చేర్చాలని ఎంత డబ్బు కుమ్మరించినా ఏళ్లు పట్టింది.

అలలహోరు
సబ్‌మెరైన్ల వైపు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఉంది. కల్వరి తరగతి ఆరు సబ్‌మెరైన్లు, 2005 ఒప్పందం. ఖర్చు 18,798 కోట్ల నుంచి 23,562 కోట్లకి పెరిగింది. మొదటిది 2017 డిసెంబర్‌లో, ఆరోది వాగ్‌షీర్ 2025 జనవరిలో నేవీలో చేరాయి. వాటి కోసం ఎంచుకున్న బ్లాక్‌షార్క్ హెవీవెయిట్ టార్పెడోల కొనుగోలు మాత్రం 2016లో రద్దయింది. తయారీదారు మాతృసంస్థ వీఐపీ హెలికాప్టర్ల కేసులో ఇరుక్కోవడమే కారణం. పాత జర్మన్ ఎస్‌యూటీ టార్పెడోల ఆయుష్షు పొడిగించి పెట్టుకున్నారు. ఏనుగును కొని అంకుశం దగ్గర ఆగిపోయినట్టు.

టార్పెడో అంటే గొట్టంలో దూర్చి వదిలేది కాదు. సబ్‌మెరైన్ కంబాట్ సిస్టమ్‌కీ టార్పెడోకీ మధ్య సన్నని తీగ ఉంటుంది, వదిలాక కూడా దారి చెబుతుంది. రెండిటి సాఫ్ట్‌వేర్ ఒకదానికొకటి అర్థం కావాలి. ఇంకో కంపెనీ టార్పెడో తెచ్చి పెట్టాలంటే ఆ అనుసంధానం మొదటి నుంచి చేయాలి. 2024 డిసెంబర్‌లో డీఆర్‌డీవో ఎలక్ట్రానిక్ హెవీవెయిట్ టార్పెడోని కల్వరిలకి అమర్చే పనికే ఫ్రెంచ్ కంపెనీ నేవల్ గ్రూప్‌తో 877 కోట్ల ఒప్పందం అయింది. టార్పెడో ధర కాదది, అమర్చే పని ఖర్చు.

చిరుగాలి
తప్పు చేసిన కంపెనీని నిషేధించకూడదంటారా?

అలలహోరు
@చిరుగాలి శిక్ష పడాలి. అది కంపెనీకి పడాలి, సబ్‌మెరైన్ సిబ్బందికి కాదు. భారీ జరిమానా, అడ్వాన్స్ జప్తు, ఆ అధికారుల మీద కేసులు, ఇవన్నీ చేస్తూనే ప్రత్యామ్నాయం అందేదాకా సరఫరా కొనసాగించుకునే దారి ఒప్పందంలోనే రాసుకోవచ్చు. ఫీల్డ్‌గన్ గారు చెప్పిన నలందా కూడా ఇదే కథ.

నట్టుబోల్టు
సెకండ్ హ్యాండ్ కొనుగోళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది.

చెడు: రష్యా నుంచి కొన్న విమానవాహక నౌక విక్రమాదిత్య. 2004లో మరమ్మతుకి 974 మిలియన్ డాలర్లన్నారు, చివరికి 2.3 బిలియన్ దాటింది, 2008లో రావాల్సింది 2013 నవంబర్‌లో వచ్చింది. లోపల విప్పి చూశాక గానీ కేబుళ్లు దాదాపు మొత్తం మార్చాలని తేలలేదు. 2012 సముద్ర పరీక్షల్లో ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి, లోపలి ఇన్సులేషన్ ఇటుక తట్టుకోలేక. విప్పకుండా ధర ఒప్పుకోవడమే తప్పు.

మంచి: మిరాజ్-2000. 2021లో ఫ్రాన్స్ వాడి పక్కనపెట్టిన 24 విమానాలు 27 మిలియన్ యూరోలకి కొన్నారని వార్త. ఎగరేయడానికి కాదు, చాలావరకు విప్పి భాగాలు తీసుకోవడానికి. ఆ విమానం తయారీ ఆగిపోయింది, కొత్త భాగం చేయించాలంటే పాత అచ్చులు వెతకాలి. ఒక్కో శవం నుంచి వచ్చే ల్యాండింగ్ గేర్లు, యాక్చుయేటర్లే ధర చెల్లించేస్తాయి. జాగ్వార్లకీ ఇదే చేశారు, ఫ్రాన్స్, ఒమన్, బ్రిటన్ పక్కనపెట్టినవి తెచ్చుకుని.

రెండువైపులా
సరే, తేజస్‌కి నేను 60,000 మొత్తం అన్నాను కదా, అడ్డంకి కూడా నేనే చెప్తా. 83 విమానాలకి 2021 ఫిబ్రవరిలో ఒప్పందం. ఎఫ్404 ఇంజన్లు 99, వాటికి 716 మిలియన్ డాలర్లు. మొదటి ఇంజన్ వచ్చింది 2025 మార్చిలో, దాదాపు రెండేళ్లు లేటు. విమానాల బాడీలు తయారై ఇంజన్ కోసం ఎదురుచూశాయి. ఇప్పుడు 83కి 97 కలిపి 180. బెంగళూరు లైన్లు, నాసిక్ మూడో లైను కలిసి ఏడాదికి 24 చేసినా ఏడున్నరేళ్లు. నా 60,000 మొత్తం ఇప్పుడు తేజస్‌కి ఇచ్చినా క్యూ చివర్లో నిలబడుతుంది. మొదటి విమానం 2030 దశకంలోనే.

లెక్కలమాస్టారు
ఆ 60,000 మీద మిమ్మల్ని మెచ్చుకోవాలి. ప్రత్యర్థి వాదన మీరే రాసేశారు.

ఆకాశదీపం
రాడార్, గగనతల రక్షణ వైపు ఒక మాట. 2018లో ఐదు ఎస్-400 (దూరం నుంచే విమానాల్ని కూల్చే రష్యా మిసైల్ వ్యవస్థ) స్క్వాడ్రన్లు 5.43 బిలియన్ డాలర్లకి. మంచి కొనుగోలే. కానీ చౌక డ్రోన్ మీదకి దాన్ని ప్రయోగిస్తే ఎదుటివాడికే లాభం. 2025 మే నెలలో డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు పాత ఎల్-70 తుపాకులు అక్కరకొచ్చాయి. 40 మి.మీ. బోఫోర్స్ తుపాకీకి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్ రాడార్, ఎలక్ట్రో ఆప్టిక్ సైటు, ఎలక్ట్రిక్ డ్రైవులు పెట్టి ఆధునికం చేశారు. ఆ వెనక ఆకాశ్ మిసైల్, హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ బీడీఎల్ చేసేది. ఖరీదైన మిసైల్ ఖరీదైన లక్ష్యానికే మిగలాలంటే కింద చౌక పొర మందంగా ఉండాలి.

విమానాలకి కాంక్రీటు షెల్టర్లు కూడా ఇందులోదే. 600 కోట్ల విమానాన్ని రేకుల షెడ్డు కింద నిలబెట్టి, ఇంకో విమానం కోసం డబ్బు వెతకడం నాకు అర్థం కాదు. షెల్టర్ పని ఆలస్యానికి కారణం డబ్బు కన్నా రన్‌వే. కాంక్రీటు పోసే నెలల్లో ఆ ట్యాక్సీ దారి మూసేయాలి, సరిహద్దు బేసులో దానికి ఎవరూ సుముఖంగా ఉండరు.

ఫీల్డ్‌గన్
@ఆకాశదీపం గాల్లోంచి గాల్లోకి వేసే మిసైళ్లదీ అదే లెక్క. వంద ఫైటర్లు ఒక్కసారి నాలుగేసి మిసైళ్లతో లేస్తే 400. అది ఒక్క లోడు. అస్త్ర మార్క్-1కి 2022 మేలో బీడీఎల్‌తో 2,971 కోట్ల ఒప్పందం అయింది. ఆ లైను ఆగకుండా నడవాలంటే రెండో ఆర్డరు మొదటిది అయిపోకముందే రావాలి. మధ్యలో ఏడాది ఖాళీ వస్తే సీకర్ (లక్ష్యాన్ని వెతికే భాగం), బ్యాటరీ, ప్రొపెల్లెంట్ సరఫరా చేసే చిన్న కంపెనీలు వేరే పని చూసుకుంటాయి, మళ్లీ క్వాలిఫై చేయించడానికి ఏడాది పైన.

తూర్పుగాలి
అందరివీ చదివి నా 60,000 ఇలా పంచుతున్నా, తప్పులు పట్టండి. సుఖోయ్ స్పేర్లు, ఓవర్‌హాల్ లైన్లు, టెస్ట్ బెడ్లు 12,000. మిసైళ్లు, గుండ్లు, వాటి లైన్లు 18,000. ఎల్-70 లాంటి తుపాకులు, డ్రోన్ల ఎదుర్కోలు, షెల్టర్లు 8,000. ట్యాంకర్లు 8,000. మిగిలిన 14,000కి తేజస్‌లు, ఒప్పందం ప్రకారం ఒక్కోటి సుమారు 643 కోట్లు, 21 విమానాలు, ఒక స్క్వాడ్రన్. వదులుకున్నది: విదేశీ ఫైటర్లు ఈ విడతలో ఒక్కటీ లేవు. 42 ఇంకా దూరమే.

ఖాతాపుస్తకం
మొదటి రెండు పద్దులు, 30,000 కోట్లలో చాలా భాగం రెవెన్యూ. ఏటా 5,000 కోట్ల చొప్పున రెవెన్యూ డిమాండ్‌లో పెంచి అడగాలి, క్యాపిటల్‌లో ఇస్తే వాడలేరు. టెస్ట్ బెడ్లు, ఫ్యాక్టరీ యంత్రాలు మాత్రం క్యాపిటల్‌లోకి వస్తాయి. వాటిని విడదీయండి.

రెండువైపులా
విదేశీ ఫైటర్లు సున్నా అంటే ఒప్పుకోను. జాగ్వార్లు కూడా వెళ్లిపోతే 2030 దశకంలో ఆ ఖాళీ ఎవరు పూడుస్తారు? తేజస్ క్యూ నేనే పైన చెప్పాను. ఇంకోటి, 84 సుఖోయ్‌లని అప్‌గ్రేడ్ చేయాలని ప్రతిపాదన ఉంది. విడతకి పది పన్నెండు విమానాలు ఏడాదిన్నర చొప్పున లైనులో ఉండిపోతే, నట్టుబోల్టు గారు స్పేర్లతో సంపాదించిన 49లో పావు భాగం మళ్లీ నేల మీదే.

నట్టుబోల్టు
@రెండువైపులా అది నిజమైన సమస్య. అందుకే అప్‌గ్రేడ్‌ని మేజర్ ఓవర్‌హాల్‌తో కలపాలి. ఓవర్‌హాల్‌కి ఎలాగూ విమానం విప్పుతారు, వైరింగ్ బయటికొస్తుంది. అప్పుడే కొత్త రాడార్‌కి కేబుళ్లు, కూలింగ్ గొట్టాలు వేసేయాలి. రాడార్ సిద్ధం కాకపోయినా గొట్టాలు ముందే వేసి మూతలు బిగించొచ్చు, తర్వాత బేసులోనే బిగింపు. విడిగా చేస్తే రెండుసార్లు విప్పాలి. దీనికి ఓవర్‌హాల్ షెడ్యూలు, అప్‌గ్రేడ్ డ్రాయింగులు ఒకే ఏడాదికి కలవాలి. డ్రాయింగులు లేటైతే విమానం ఆపకండి, పాత వైరింగ్‌తోనే పంపేయండి, తర్వాతి విమానానికి పెట్టుకోవచ్చు.

తూర్పుగాలి
సరే, మారుస్తున్నా. 12,000ని 9,000 రెవెన్యూ, 3,000 క్యాపిటల్‌గా విడదీశా. 18,000లో ఫ్యాక్టరీ లైన్లకి 5,000 క్యాపిటల్, మిగతా 13,000 రెవెన్యూ. తేజస్ 14,000 అలాగే ఉంచి, సంతకం రెండో ఏడాదికి జరిపా, ఎలాగూ క్యూ చివరే కాబట్టి. మొదటి ఏడాది సంతకాలు టెస్ట్ బెడ్లకీ ఛార్జ్ మాడ్యూల్ లైనుకీ. రెండువైపులా గారి 2030 ఖాళీకి నా దగ్గర జవాబు లేదు, దానికి ఈ 60,000 చాలదు. అలలహోరు గారూ, టార్పెడోలకి 18,000లోంచి ఎంత తీయమంటారు?

అలలహోరు
అంకె ముందే చెప్పను. ఆరు సబ్‌మెరైన్లు, ఒక్కోటి 18 టార్పెడోలు, మిసైళ్లు కలిపి మోస్తుంది. ఒక్కోదానికి 12 టార్పెడోలు అనుకున్నా 72, పైగా ప్రాక్టీసు టార్పెడోలు వేరే. ప్రాక్టీసువి కాల్చాక నీటిలోంచి తీసి, ఉప్పు కడిగి, బ్యాటరీ మార్చి మళ్లీ వాడతారు, ఆ వర్క్‌షాపు కూడా కావాలి. ఆ వర్క్‌షాపు క్యాపిటల్‌లో రాయండి.

ఖాతాపుస్తకం
వర్క్‌షాపు భవనం వర్క్స్ పద్దు, యంత్రాలు వేరే పద్దు. రెండు ఫైళ్లు పెట్టండి, ఒకే రోజు.